మాట రానివాడి బెంచీ

ఆదివారం ఉదయం పదీ ఇరవైకి మాస్టారు ప్రసంగ వేదిక మీద నిలబడి, తనను ఇంటికి తీసుకెళ్లమని సంఘాన్ని అడిగారు. పక్కనే నిలబడిన ఆయన భార్య ఆ మాటను ఊరి భాషలోకి మార్చి, తప్పిపోయిన గొర్రె కోసం కాపరి కొండ ఎక్కుతున్నాడని చెప్పింది. సంఘం ఆమేన్ అంది.

ఆ చర్చిలో తమ ఇంటి భాష తెలిసినవాళ్లు తామిద్దరే అనుకుంది ఆమె. కానీ తలుపు దగ్గర, గొడుగుల బుట్ట పక్కన, బస్సు దిగి నేరుగా వచ్చిన కూతురు నిలబడి ఉంది.

ఆ పొద్దు రోజులాగే మొదలైంది. టీచరమ్మ లేచి టీ పెట్టింది. మాస్టారికి గడ్డం గీసింది. కోటు తొడిగి బొత్తాలు పెట్టింది. ఊళ్లో అందరూ ఆయనను మాస్టారు అంటారు, ఆమెను టీచరమ్మ అంటారు. ఇరవై తొమ్మిదేళ్ల కిందట మిషన్ వాళ్లు ఈ జంటను సముద్రం దాటించి ఈ ఊరికి పంపారు. ఊరి భాష వచ్చినప్పటి నుంచి వారమంతా బడిలో పాఠాలు చెబుతున్నారు. ఆదివారం చర్చి నడుపుతున్నారు.

"ఏమండీ, చెయ్యి ఇటివ్వండి," అందామె.

"ఎక్కడికి పోవాలి?"

"చర్చికి."

"పరీక్షా?"

"ప్రసంగం."

"నేనేం చదువుకోలేదే."

"నేను చదివాను. మీరు నిలబడితే చాలు."

"తప్పు చెబితే?"

"దిద్దడానికి నేను లేనూ?"

మాస్టారు నవ్వారు. ఆ నవ్వు చూసి, ఇవాళ్టికి గండం గడుస్తుందని ఆమె అనుకుంది.

ఈ ఊళ్లో మాస్టారి గురించి పిల్లలకు చెప్పే సంగతి ఒకటి ఉంది. కొత్తగా వచ్చినప్పుడు మిషన్ వాళ్లు ఆయనకు ఒక దుబాసీని ఇస్తామన్నారు. ఆయన వద్దన్నారు. "ఇంకొకరి నోటితో దేవుడి మాట చెప్పను. మాట రానివాడు చివరి బెంచీలో కూర్చోవాలి. వచ్చాక ముందుకు రావాలి," అన్నారు. అన్నట్టే రెండేళ్లు చర్చిలో చివరి బెంచీ మీద, కిటికీ పక్కన కూర్చున్నారు. పక్కన ఒక దర్జీ ఆవిడ కూర్చునేది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో ఆయనకు తెలిసేది కాదు. లేవాలంటే ఆవిడ ఆయన చొక్కా చెయ్యి రెండుసార్లు లాగేది. కూర్చోవాలంటే ఒకసారి. అలా నేర్చుకుని, ఒక ఆదివారం లేచి వెళ్లి, ఊరి భాషలో ప్రసంగం చేశారు. మొదటి ప్రసంగం పాట కన్నా చిన్నది. అయినా జనం లేచి నిలబడి విన్నారు.

నాలుగు నెలల కిందట ఆ భాష పోయింది.

బడిలో, లెక్క సగంలో ఉండగా పోయింది. మాస్టారు సుద్దముక్క పట్టుకుని పిల్లల వైపు తిరిగి, ఇంటి భాషలో, "ఎంతయింది చెప్పండి," అన్నారు. పిల్లలు అదేదో ఆట అనుకుని నవ్వారు. ఆయన మళ్లీ అడిగారు. మళ్లీ నవ్వారు. పక్క గదిలోంచి టీచరమ్మ వచ్చి సుద్దముక్క తీసుకుంది. పక్క ఊరి డాక్టరు పరీక్షలు చేసి, ఇది జ్ఞాపకానికి వచ్చే జబ్బు అన్నాడు. తర్వాత నేర్చుకున్నది ముందు పోతుందని, చిన్నప్పటిది చివరిదాకా ఉంటుందని చెప్పాడు. మందు రాసిచ్చాడు కానీ, తగ్గుతుందని చెప్పలేదు.

టీచరమ్మ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆయనకు వయసు మీద పడిందని చెప్పి, బడిలో ఆయన తరగతులు కూడా తానే తీసుకుంది. దానికి కారణం మిషన్ నియమం. మిషన్ వాళ్లు జంటగా పంపుతారు, జంటగా వెనక్కి పిలుస్తారు. ఒకరు పనికి రాకపోతే ఇద్దరూ సామాను సర్దుకోవాలి. ఇల్లు మిషన్‌ది. వీసా మిషన్‌ది. మూడేళ్లకోసారి పర్యవేక్షకుడు వచ్చి, ఇద్దరినీ చూసి, గడువు పొడిగించి వెళతాడు. ఈసారి అతను గురువారం వస్తున్నాడు.

బడి హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్లి ఆమె ఒక మాట చెప్పింది. స్వదేశంలో సంఘాలవాళ్లు మాస్టారి ప్రసంగాలు తమ భాషలో వినాలనుకుంటున్నారట, ఇకమీదట ఆయన ఆ భాషలో చెబుతారు, తాను ఊరి భాషలోకి మారుస్తుంది, ఫోన్‌లో రికార్డు చేసి పంపుతారు. హెడ్‌మాస్టరు చిన్నప్పుడు మాస్టారి దగ్గరే అక్షరాలు దిద్దాడు. సంతోషించి, వేదిక మీద ఫోన్ నిలబెట్టడానికి చెక్కతో స్టాండు కూడా చేయించి ఇచ్చాడు. ప్రతి ఆదివారం ఆమె ఫోన్‌ను అందులో పెట్టేది. రికార్డు నొక్కేది కాదు.

మాస్టారికి ఇంటి భాష చదవడం పోలేదు. వాక్యభాగం చదివేవారు. ఆ తర్వాత నోటికి ఏది వస్తే అది మాట్లాడేవారు. ఆమె శనివారం తయారు చేసుకున్న ప్రసంగాన్ని ముక్కలు చేసి, ఆయన ఆగినప్పుడల్లా ఒక ముక్క చెప్పేది. ఆయన వాన గురించి చెబితే ఆమె ప్రళయం గురించి చెప్పేది. ఆయన వాళ్లమ్మ గురించి చెబితే ఆమె సంఘం గురించి చెప్పేది. ఈ ఆదివారం మాత్రం ఆయన ఆగలేదు. వేదిక అంచు పట్టుకుని ముందుకు వంగారు.

"ఈవిడెవరో నన్ను పోనివ్వడం లేదు. మా అమ్మ ఎదురు చూస్తుంటుంది. మీలో ఎవరైనా నన్ను ఇంటికి తీసుకెళ్లండి. మీకు పుణ్యం ఉంటుంది."

"కాపరి చెయ్యి విడవడు," అంది టీచరమ్మ ఊరి భాషలో.

ప్రార్థన అయ్యాక హెడ్‌మాస్టరు ముందుకు వచ్చి మాస్టారి చేతులు పట్టుకున్నాడు. "ఇవాళ గుండెకు తగిలింది మాస్టారూ. భాష తెలియకపోయినా మీ గొంతులో బాధ తెలిసింది," అన్నాడు. టీచరమ్మ తలవంచుకుని ఫోన్ తీసి సంచిలో వేసుకుంది. తల ఎత్తేసరికి కూతురు ఎదురుగా ఉంది.

కూతురు బస్సులో నాలుగు గంటల దూరంలో, పట్నంలో, కోర్టులో దుబాసీగా పనిచేస్తుంది. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడుతూ పెరిగింది. విన్నది విన్నట్టు రెండు భాషల్లోనూ అప్పజెబుతుందని మాస్టారు చిన్నప్పుడు ఆమెకు చిలక అని పేరు పెట్టారు. ఇప్పటికీ ఇంట్లో అదే పిలుపు.

చర్చి వెనకే ఇల్లు. మాస్టారిని ముందు గదిలో కుర్చీలో కూర్చోబెట్టి తల్లి వంటింట్లోకి వెళ్లింది. కూతురు వెనకాలే వెళ్లింది.

"ఎప్పుడొచ్చావే?" అంది తల్లి, పొయ్యి మీద గిన్నె పెడుతూ.

"కాపరి కొండెక్కేటప్పటికి."

"ముందు ఫోన్ చేయొద్దూ? వంట కాస్త ఎక్కువ చేసేదాన్ని."

"ఫోన్ చేస్తే నాన్నను నిద్రపుచ్చేస్తావు. రెండు నెలలుగా ఎప్పుడు చేసినా నిద్రే. నిద్ర కాకపోతే ప్రార్థన. అంత ప్రార్థన చేస్తే ఈపాటికి మోకాళ్లు అరిగిపోవాలి."

"పెద్దవారయ్యారు. అలసిపోతారు."

"అమ్మా, నాన్న ఏమన్నారో నాకు వినపడింది."

తల్లి ఉల్లిపాయ తీసుకుని తరగడం మొదలుపెట్టింది.

"ఆయన ఒకటంటారు, నువ్వొకటి చెబుతావు. కోర్టులో నేనీ పని చేస్తే సాయంత్రానికి నా ఉద్యోగం ఊడుతుంది."

"ఇది కోర్టు కాదు. నా వంటిల్లు."

"సరే, వంటింట్లోనే చెప్పు. ఎన్నాళ్ల నుంచి?"

తల్లి చెప్పింది. సుద్దముక్క సంగతి, డాక్టరు సంగతి, ఫోన్ సంగతి, గురువారం పర్యవేక్షకుడు వచ్చే సంగతి చెప్పింది. చెబుతున్నంతసేపూ తరుగుతూనే ఉంది. కూరకు కావలసినదానికి రెండింతలు ఉల్లిపాయలు పళ్లెంలో చేరాయి.

మాస్టారు గుమ్మం దగ్గరికి వచ్చారు. "అమ్మా, కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా?" అని భార్యను అడిగారు. కూతుర్ని చూసి నమస్కారం పెట్టారు. "మీరు నిలబడ్డారేం? కూర్చోండి. మా ఆవిడ బడి నుంచి వచ్చేస్తుంది."

"నాన్నా, నేను. చిలకను."

"చిలక బడికెళ్లిందమ్మా. సాయంత్రం గానీ రాదు."

కూతురు గ్లాసుతో నీళ్లు ఇచ్చింది. ఆయన తాగి, గ్లాసు తిరిగిచ్చి, ముందు గదిలోకి వెళ్లిపోయారు. ఆమె ఆ గ్లాసును చేతిలోనే పట్టుకుని ఉంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేస్తావు? ఇప్పుడేం చేస్తున్నావో అదే చేస్తావు. నన్ను బోనులో నిలబెడతావు."

"గురువారం వచ్చే ఆయనకు చెప్పెయ్యి."

"చెబితే నెల తిరిగేలోగా విమానం ఎక్కిస్తారు. ఎక్కడికి? ఆయన అడుగుతున్న ఇంటి మీద రోడ్డు వేశారు. నువ్వు పుట్టకముందే వేశారు. అక్కడ దింపినా ఆయన ఇంటికి తీసుకెళ్లమనే అడుగుతారు. అప్పుడేం చెప్పను?"

"నా దగ్గరికి రండి."

"నీ రెండు గదుల్లోకా? నువ్వు పొద్దున్న పోతే దీపాలు పెట్టాక వస్తావు. నాలుగో అంతస్తు కిటికీ దగ్గర కూర్చుని నేను ఎవరికి పాఠం చెప్పను? పావురాలకా?"

కూతురు గ్లాసు బల్ల మీద పెట్టింది.

"అదీ సంగతి," అంది.

"ఏది?"

"నాన్న కోసం అనుకున్నాను. ఇది నీ కోసం."

తల్లి కత్తి కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "అవును. నా కోసమే. మొదటి వారం ఆయన కోసం అనుకున్నాను. ఆయన పరువు పోకూడదనుకున్నాను. తర్వాత తెలిసింది. నాకేం జబ్బు చేసింది? నా మాట పోలేదే. నా చేతికింద చదువుకున్న ఆడపిల్లల కూతుళ్లకు ఇప్పుడు చదువు చెబుతున్నాను. ఆయనకు మతిపోతే నా చేతిలో సుద్దముక్క ఎందుకు లాక్కోవాలి? గురువారం ఒక్క పూట. ఆ ఒక్క పూట ఆయన కుదురుగా కూర్చుంటే ఇంకో మూడేళ్లు."

"మూడేళ్లు ఆయన్ని అలా నిలబెడతావా? అందరి ముందూ ఆయన అడుక్కుంటుంటే, పక్కన నిలబడి గొర్రెల కథ చెబుతావా?"

తల్లి పొయ్యి వైపు తిరిగింది. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. ముందు గదిలో ఎప్పుడూ కిర్రుమనే కుర్చీ చప్పుడు లేదు.

ఇద్దరూ ఒకేసారి గుమ్మం దాటారు. కుర్చీ ఖాళీ. వీధి తలుపు తీసి ఉంది. వాన మొదలైంది.

ఎదురింటి దుకాణదారు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. "మాస్టారా? ఇప్పుడే వెళ్లారు టీచరమ్మా. నా చెయ్యి పట్టుకుని దీవించి వెళ్లారు," అన్నాడు.

"ఏమన్నారు?" అంది కూతురు.

"మీ భాషలోనే. చర్చిలో మాట్లాడినట్టే. నేను ఆమేన్ అన్నాను. ఇంకోసారి దీవించారు. ఇంకోసారి ఆమేన్ అన్నాను."

టీచరమ్మ వానలోనే నడిచింది. చెప్పులు వేసుకోలేదు. కూతురు గొడుగు తెచ్చి పట్టింది కానీ ఆమె గొడుగులో ఆగలేదు. మందుల షాపు దగ్గర అడిగారు. షాపతను కౌంటరు ముందుకు వచ్చి, మాస్టారు తన భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారని, తాను తల వంచుకున్నానని చెప్పాడు. బస్టాండు దగ్గర పళ్ల బండి ఆవిడ కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

"నా చేతులు పట్టుకుని ఏడుస్తూ ప్రార్థన చేశారమ్మా. నా కోసం ఇంతవరకు ఎవరూ ఏడవలేదు. నేను కళ్లు మూసుకుని ఆమేన్, ఆమేన్ అంటూనే ఉన్నాను. తెరిచేసరికి లేరు."

కూతురు తల్లి వైపు చూసింది. తల్లి పళ్ల బండి చక్రం పక్కన నేల మీద కూర్చుంది. లెమ్మని కూతురు చెయ్యి అందించింది. ఆమె కాసేపటికి గానీ ఆ చెయ్యి పట్టుకోలేదు.

దుకాణదారు కబురు చేస్తే హెడ్‌మాస్టరు బడి వ్యాను తీసుకుని వచ్చాడు. బస్టాండు గుమాస్తాను అడిగి తెలుసుకున్నది ఇంతే. మాస్టారు ఒక బస్సు మెట్ల దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడారు. కండక్టరు ఆయన పాత విద్యార్థి. టిక్కెట్టు అడగకుండా ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఎక్కడ దిగాలో ఆయనే చెబుతారనుకున్నాడు. ఆ బస్సు ఊరి బయట డిపోకు వెళుతుంది. అక్కడి నుంచి ఇంకెక్కడికీ పోదు.

వాళ్లు డిపోకు చేరేసరికి వాన పెరిగింది. షెడ్డు కింద బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. డ్యూటీ మారే వేళ కావడంతో అక్కడ మనుషులు లేరు. చివరి బస్సు మెట్టు మీద మాస్టారు కూర్చుని ఉన్నారు. ఒక కాలికి బూటు ఉంది, రెండో కాలికి లేదు. కోటు బొత్తాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

టీచరమ్మ వెళ్లి ఎదురుగా నిలబడింది. ఆయనే మాట్లాడారు.

"తడిసిపోయారేమ్మా. ఇటు లోపలికి రండి." మెట్టు మీద కొంచెం జరిగి చోటిచ్చారు. ఆమె కూర్చుంది. ఆయన ఆమె వేళ్ల వైపు చూశారు. వానకు కూడా పోని సుద్ద గోళ్ల మూలల్లో ఉంది. "మీరు టీచరుగారా?"

"అవునండీ."

"మా ఆవిడ కూడా టీచరే. మీకు కనపడితే ఒక మాట చెబుతారా?"

"చెబుతాను."

"నన్ను అక్కడ నిలబెట్టొద్దని చెప్పండి. అందరూ నా వైపే చూస్తారు. నేను అడుగుతాను, వాళ్లు తల ఊపుతారు. నాకు వాళ్ల మాట రాదు. మాట రానివాడు చివరి బెంచీలో కూర్చోవాలి. అది నేను పెట్టుకున్న నియమం. ఆవిడకు తెలుసు. మరిచిపోయినట్టుంది."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కూతురు ఆమె వెనక నిలబడి రెండు భుజాలూ పట్టుకుంది.

హెడ్‌మాస్టరు వ్యాను తలుపు వేసి దగ్గరికి వచ్చాడు. "ఏమంటున్నారు టీచరమ్మా?" అన్నాడు ఊరి భాషలో.

కూతురు నోరు తెరవబోయింది. తల్లి చెయ్యెత్తి ఆపింది. "నేను చెబుతాను," అంది. ఆయన అన్నది అన్నట్టుగా, మొదటి నుంచి, ఒక్క మాట తీయకుండా ఊరి భాషలో చెప్పింది. మరిచిపోయినట్టుంది అన్న మాట కూడా చెప్పింది.

హెడ్‌మాస్టరుకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"మరి పొద్దున?"

"ఇంటికి తీసుకెళ్లమని అడిగారు."

"గొర్రె, కాపరి?"

"అది నేను చెప్పింది."

"మేము ఆమేన్ అన్నాం."

"అన్నారు."

"ఎప్పటి నుంచి?"

"ఫోన్ పెట్టిన రోజు నుంచి."

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "మా వాడి బాప్తిస్మం రోజున? వాడి తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఏదో చెప్పారు. మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటుంది. ఆ రోజు ఏమన్నారు?"

"చెప్పులు కనపడటం లేదన్నారు."

హెడ్‌మాస్టరు వెనుదిరిగి వానలోకి వెళ్లిపోయాడు. వ్యాను దగ్గర ఆగలేదు. బస్సుల వరస చివరిదాకా నడిచాడు. అక్కడ వంగి, ఒక బస్సు కింద చెయ్యి పెట్టి, ఏదో లాగాడు. మాస్టారి రెండో బూటు. దాన్ని తీసుకొచ్చి, నీళ్లు వంచి, మెట్టు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆయన కాలికి తొడిగాడు. లేసు కట్టాడు. వాళ్లను ఇంటి దగ్గర దింపి, వ్యాను తిప్పుకుని వెళ్లిపోయాడు.

కూతురు పట్నానికి ఫోన్ చేసి వారం సెలవు పెట్టింది. సోమవారం బడికి వెళ్లిన తల్లికి ఎవరూ అడ్డం చెప్పలేదు, ఎవరూ పలకరించనూ లేదు. మధ్యాహ్నం ఆమె ఇంటికి వచ్చేసరికి మాస్టారు భోజనం ముందు కూర్చుని ఏదో గొణుగుతున్నారు. కూతురు ఆయన నోటి దగ్గర చెవి పెట్టి వింటోంది.

"ఏం చేస్తున్నావే?"

"నా పని నేను చేస్తున్నాను. విన్నది చెప్పాలి."

"వినపడకపోతే?"

"మళ్లీ అడగాలి. జడ్జిగారు విసుక్కున్నా అడగాలి."

తల్లి ఇంకో కుర్చీ లాక్కుని ఆయనకు రెండో పక్కన కూర్చుంది. "ఏమండీ, ఏమన్నారు? మళ్లీ చెప్పండి," అంది.

"కూరలో ఉప్పెక్కువైంది అన్నాను. ఎన్నిసార్లు చెప్పాలి?"

కూతురు నవ్వింది. తల్లి నవ్వబోయి ఏడ్చింది. వంట చేసింది తను కాదని, చిలక అని చెప్పింది. అన్నీ చిలక మీద పెట్టడం నీకు అలవాటే అన్నారు మాస్టారు. ఆ ఒక్క మాట అన్నంతసేపు ఆమె ఎవరో ఆయనకు తెలిసినట్టే ఉంది. తర్వాత ఆయన కిటికీ వైపు తిరిగి, వానొస్తే అమ్మ ఊరుకోదు, తాను ఇంటికి పోవాలన్నారు. ఇల్లు ఎలా ఉంటుందో చెప్పమని ఆమె అడిగింది. ఆయన చెప్పారు. ఆమె విన్నది. తమ పెళ్లయ్యాక ఆ ఇంటి గురించి అంత వివరంగా ఎప్పుడూ అడగలేదని కూతురితో అంది.

గురువారం పర్యవేక్షకుడు వచ్చాడు. టీ ఇచ్చాక, అతను సంచిలోంచి కాగితాలు తీయకముందే టీచరమ్మ మొత్తం చెప్పింది. అతను విన్నాడు. మాస్టారితో ఊరి భాషలో రెండు మాటలు మాట్లాడి చూశాడు. మాస్టారు మర్యాదగా తల ఊపారు.

"జంటగానే కదా టీచరమ్మా మన నియమం," అన్నాడు పర్యవేక్షకుడు.

"తెలుసు. నియమం నేను మార్చమనడం లేదు. అబద్ధం మీద గడువు వద్దంటున్నాను. పంపిస్తే వెళతాం. ఉండమంటే నేను పాఠం చెబుతాను, ఆయన వింటారు."

"అక్కడ మీకెవరైనా ఉన్నారా?"

"లేరు."

అతను కమిటీకి రాస్తానన్నాడు. జవాబు వచ్చేదాకా తరగతులు తీసుకోవచ్చన్నాడు. ఎన్నాళ్లు పడుతుందని కూతురు అడిగింది. చెప్పలేనన్నాడు. టీ సగం వదిలేసి వెళ్లాడు.

శనివారం హెడ్‌మాస్టరు సుత్తి, మేకులు పట్టుకుని ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కిటికీ పక్కదేనా టీచరమ్మా, మాస్టారు కూర్చున్న బెంచీ?"

"అదే. ఎందుకు?"

"కాలు ఊగుతోంది."

"లోపలికి రా బాబూ. టీ తాగి వెళ్లు."

"పని చూసుకుని వస్తాను," అన్నాడు. చర్చిలోంచి సుత్తి చప్పుడు వినపడింది. పని అయ్యాక వచ్చి టీ తాగాడు. కాసేపటికి, ఆమె వైపు చూడకుండా, "ఆ రోజు చెప్పులు దొరికాయా?" అన్నాడు.

"కాళ్లకే ఉన్నాయి," అందామె.

అతను కప్పు కింద పెట్టి, ముఖం రుద్దుకున్నాడు. నవ్వాడో ఏడ్చాడో కూతురికి తెలియలేదు. బాప్తిస్మం సంగతి భార్యకు ఇంకా చెప్పలేదని, చెప్పాలని అన్నాడు.

ఆదివారం పది గంటలకు చర్చి నిండింది. టీచరమ్మ ఒక్కతే వేదిక ఎక్కింది. స్టాండులో ఫోన్ లేదు. నాలుగు నెలలుగా మాస్టారు అన్నది ఒకటి, తాను చెప్పింది ఒకటి అని ఊరి భాషలో చెప్పింది. పోయిన ఆదివారం ఆయన అడిగిందేమిటో చెప్పింది. వీధిలో ఆయన ఎవరి చేతులు పట్టుకున్నారో వాళ్లందరినీ కూడా అదే అడిగారని చెప్పింది. పళ్ల బండి ఆవిడ మూడో వరసలో ఉంది. ఆవిడ తల వంచుకుంది. టీచరమ్మ క్షమించమని అడిగి ఆగింది. ఎవరూ ఆమేన్ అనలేదు. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. మిగతావాళ్లు కూర్చునే ఉన్నారు.

చివరి బెంచీ మీద, కిటికీ పక్కన మాస్టారు ఉన్నారు. ఆయనకు ఎడమ పక్కన కూతురు కూర్చుని, తల్లి చెప్పినదాన్ని ఆయన చెవిలో ఇంటి భాషలో చెబుతోంది. వేదిక మీదావిడ ఎవరని ఆయన అడిగారు. అమ్మ అని కూతురు చెప్పింది. బాగా మాట్లాడుతోంది, భాష ఎప్పుడు నేర్చుకుందని ఆయన అడిగారు. దర్జీ ఆవిడ కర్ర ఊతంతో, ఆలస్యంగా వచ్చింది. తన పాత చోటు వెతుక్కుని, ఆయనకు కుడి పక్కన కూర్చుంది. బెంచీ ఊగలేదు.

మిషన్ నుంచి జవాబు ఇంకా రాలేదు.

పాట మొదలైంది. జనం లేచారు. మాస్టారు కూర్చునే ఉండి అటూ ఇటూ చూశారు. దర్జీ ఆవిడ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని రెండుసార్లు లాగింది. మాస్టారు లేచి నిలబడ్డారు.